నల్లగొండలో నెట్ ఉంది సరే, మన గల్లీలో ఉందా?

మొన్న జూన్‌లో బదిలీ మీద మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండకు ఇల్లు మారాం. ఆషాఢం పడకముందే కొత్తింట్లో పాలు పొంగాలని అమ్మ పట్టు. అనుకున్న రోజుకే డీసీఎం వ్యాన్ వచ్చింది, సామాను దిగింది, పాలు పొంగాయి. సాయంత్రం ఏడింటికి అమ్మ టీవీ ముందు కూర్చుని, "ఏం కొడుకా, ఇయ్యాల సీరియల్ రాదా?" అంది. ఆ రోజే కాదు, ఆ తర్వాత పందొమ్మిది రోజులు రాలేదు.

తప్పులో సగం నాదే. బయల్దేరే ముందు నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, "నల్లగొండలో మా సర్వీసు ఉంది సార్, షిఫ్టింగ్ రిక్వెస్ట్ పెడితే చాలు" అన్నారు. అప్పటికే ఆరు నెలల ప్లాన్‌కు డబ్బు కట్టేసి ఉన్నాను. టీవీ కూడా అదే నెట్ మీద వచ్చేది. వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. నల్లగొండలో వాళ్ల సర్వీసు ఉంది, మా గల్లీలో లేదు. వాళ్ల ఫైబర్ మెయిన్ రోడ్డు మీది స్తంభం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి మా ఇంటికి నాలుగు మలుపులు. "ఇంకో పది కనెక్షన్లు వస్తే లాగుతాం సార్" అన్నాడు వచ్చిన కుర్రాడు. ఆ పది కనెక్షన్లు నేను తెచ్చిపెట్టాలేమో అన్నట్టు చూశాడు.

ఆ పందొమ్మిది రోజుల్లో నాకు అర్థమైంది ఇది: ఇల్లు మారేవాళ్లు అడిగే మొదటి ప్రశ్నే తప్పు. "ఏ కంపెనీ మంచిది?" అని అడుగుతాం. దానికి ఊరంతటికీ చెల్లే జవాబు లేదు. ఒకే కంపెనీ రామగిరిలో బ్రహ్మాండంగా, పానగల్ రోడ్డులో అధ్వానంగా ఉండొచ్చు. అడగాల్సింది "ఈ ఇంటి ముందున్న స్తంభం మీదికి ఎవరి తీగ వస్తుంది, అది తెగితే అతికేది ఎవరు" అని. ఈ రెండూ తేలాక ప్లాన్ల సంగతి పది నిమిషాల పని.

తీగ ఎలా వస్తుందో తెలిస్తే

ఫైబర్ లోపల ఉండేది వెంట్రుకంత సన్నటి గాజు పోగు. అందులో పరుగెత్తేది కరెంటు కాదు, వెలుగు. ఆపరేటర్ ఆఫీసులోని యంత్రం నుంచి ఒక పోగు బయల్దేరుతుంది. దారిలో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా ఆ ఒక్క వెలుగును ఎనిమిదిగా, పదహారుగా, ముప్పై రెండుగా చీలుస్తుంది. ఒక్కో చీలిక ఒక్కో ఇంటికి. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. మేజరు నుంచి మైనరుకు, మైనరు నుంచి పిల్లకాలువకు నీళ్లు చీలినట్టే ఇదీ. చివరి ఆయకట్టు రైతు పడే బాధ ఇక్కడ కూడా ఉంది. రెండుగా చీల్చిన ప్రతిసారీ వెలుగు సగమవుతుంది. ఆ పైన ప్రతి అతుకు దగ్గరా, ప్రతి వంపు దగ్గరా మరికొంత పోతుంది.

ఎంత పోయిందో కొలవొచ్చు. లైన్ వేయడానికి వచ్చిన అబ్బాయి దగ్గర పవర్ మీటర్ అనే చేతి పరికరం ఉంటుంది. మీ ఇంటి కొసలో అది చూపించే అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. మైనస్ 27కి దగ్గరగా ఉంటే ఇవాళ నడిచినా నమ్మకం లేదు, ఒక తడిసిన జాయింట్‌తో మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ అంకెను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత నెట్ సతాయిస్తే "మొదట్లో ఇంత ఉండేది, ఇప్పుడెంత ఉంది?" అని అడగొచ్చు. అలా అడిగేవాళ్లతో మాట్లాడే పద్ధతే మారిపోతుంది, నేను చూశాను.

ఇంకో సంగతి. ఆ ఒక్క పోగు మీద వచ్చే వేగాన్ని ఆ చీలికల మీద ఉన్న ఇళ్లన్నీ పంచుకుంటాయి. పెద్ద కంపెనీలు వాడే జీపాన్ పద్ధతిలో ఒక పోగు మీద దాదాపు 2.5 గిగాబిట్లు వస్తాయి. చాలామంది లోకల్ ఆపరేటర్లు వాడే ఈపాన్‌లో అది 1.25 గిగాబిట్లే. 32 ఇళ్లూ ఒకేసారి మొత్తం వాడవు కాబట్టి మామూలుగా ఇది చాలు. నిజమైన ఇరుకు చాలాసార్లు ఆ వెనక, ఆపరేటర్ పైవాళ్ల దగ్గర కొనుక్కునే లైన్లో ఉంటుంది. ఐదు వందల కనెక్షన్లు ఇచ్చి వంద మందికి సరిపడా కొంటే రాత్రి ఎనిమిదింటికి అందరికీ బొమ్మ ఆగి చక్రం గిరగిరా తిరుగుతుంది. పగలు పదకొండింటికి స్పీడ్ టెస్ట్ చేసి చూపించేవాళ్లను అందుకే నమ్మొద్దు. పక్కింటివాళ్లను రాత్రి ఎనిమిదిన్నరకు చేసి చూపించమనండి.

అతికే మనిషి

పెద్ద కంపెనీ పేరుతో వచ్చే కనెక్షన్ అయినా జిల్లా ఊళ్లలో ఆఖరి తీగను చూసుకునేది తరచుగా ఒక స్థానిక భాగస్వామి. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌లోనూ చాలాచోట్ల ఇదే ఏర్పాటు. అంటే బిల్లు మీద ఒక పేరు ఉంటుంది, నిచ్చెన వేసుకుని వచ్చేది ఇంకొకరు. ఆ ఇంకొకరు ఎవరన్నదే అసలు విషయం. అతని ఫోన్ నంబరు ఎదురింటివాళ్ల దగ్గర ఉందా? చేస్తే ఎత్తుతాడా? పోయినసారి తీగ తెగితే ఎన్ని గంటల్లో వచ్చాడు? ఈ మూడు ప్రశ్నలు కిరాణా కొట్టాయనను అడిగితే చాలు. కొట్టుకు క్యూఆర్ కోడ్, సీసీ కెమెరా పెట్టుకున్నాక నెట్ ఎప్పుడెప్పుడు పోతుందో ఆయనకు తెలిసినంతగా కాల్ సెంటర్‌కు తెలియదు.

తీగ తెగకుండా ఉంటుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు. మన దగ్గర అది తెగడానికి కారణాలు బోలెడు. కోతులు పట్టుకుని ఊగుతాయి. గడ్డి లోడు ట్రాక్టర్ కిందికి వేలాడే తీగను లాక్కుపోతుంది. వినాయక చవితికి పెద్ద విగ్రహం గల్లీలోకి రావాలంటే కర్రలతో తీగలు ఎత్తాలి. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ పంజా ఒకటి చాలు. తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే పోతాయి కాబట్టి ఇంకో చిక్కు ఉంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కోసి తీసేసే పని పెట్టుకుంది. నగరంలో చాలా ఇళ్లకు నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా అదే దక్షిణ విద్యుత్ సంస్థ కిందివే. కొత్తింటికి తీగ కరెంటు స్తంభం మీద నుంచి వస్తుందా, ఆపరేటర్ సొంత స్తంభం మీదనా, ఇళ్ల డాబాల మీదుగానా అని తలెత్తి చూడండి.

ఫైబర్ అసలే రాని గల్లీ అయితే గాలి దారి ఉంది. జియో, ఎయిర్‌టెల్ రెండూ 2023లో ఎయిర్‌ఫైబర్ పేరుతో ఇది మొదలుపెట్టాయి. డాబా మీద ఒక చిన్న డబ్బా బిగిస్తారు, అది 5జీ టవర్ నుంచి సిగ్నల్ తీసుకుని ఒక వైరు ద్వారా ఇంట్లో రౌటర్‌కు ఇస్తుంది. స్తంభాల గొడవ లేదు, ఒకట్రెండు రోజుల్లో పెట్టేస్తారు. కొత్త వెంచర్లలో, ఊరి చివర విసిరేసినట్టు కట్టిన ఇళ్లలో చాలాసార్లు దిక్కు ఇదే. కానీ పేరులో ఫైబర్ ఉంది తప్ప ఇంటికి ఫైబర్ రాదు. ఆ టవర్‌ను వీధిలోని ఫోన్లన్నీ పంచుకుంటాయి కాబట్టి సాయంత్రానికి వేగం తగ్గొచ్చు. నెలకు ఇచ్చే డేటా కూడా తక్కువ. ఫైబర్ ప్లాన్లలో "అన్‌లిమిటెడ్" అన్నదాని వెనుక సాధారణంగా 3,300 జీబీ పరిమితి ఉంటే, ఎయిర్‌ఫైబర్‌లో 1,000 జీబీ మామూలు. అది దాటాక నెట్ నత్తనడక.

పల్లెల సంగతి వేరు. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే రాష్ట్ర ప్రభుత్వ నెట్ పథకం టీ ఫైబర్ తీగల కోసం గొట్టాలు వేశారు. నీళ్ల వెంట నెట్ కూడా ప్రతి ఇంటికీ అన్న ఆలోచన అప్పటిదే. ఇంటింటికీ సేవ మాత్రం 2024 డిసెంబరులో కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది, నారాయణపేట జిల్లా మద్దూరు వాటిలో ఒకటి. మీరు వెళ్లేది పల్లెకైతే పంచాయతీ ఆఫీసులో ఒక మాట అడగండి. కాగితం మీద ఊరికి ఫైబర్ వచ్చి, తాళం వేసిన గదిలో డబ్బాగా ఉండిపోవడం కూడా కొత్తేమీ కాదు.

ఎంత స్పీడ్ కావాలి?

అమ్మేవాళ్లు చెప్పే దానికన్నా తక్కువ. ముందు ఒక లెక్క. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు వంద మెగాబైట్లు కాదు, వంద మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి అది సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. 5 జీబీ సినిమా దింపుకోవడానికి దాదాపు ఏడు నిమిషాలు. చూడటానికైతే అంత అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకు 15 ఎంబీపీఎస్ ఉంటే చాలు.

మా ఇంటినే తీసుకోండి. హాల్లో ఒక హెచ్‌డీ సినిమా, లోపల అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు, మా ఆవిడ ఫోన్‌లో వీడియోలు, నేను డల్లాస్‌లో ఉన్న తమ్ముడితో వీడియో కాల్. అన్నీ ఒకేసారి నడిచినా పాతిక ఎంబీపీఎస్ దాటదు. 40, 50 ప్లాన్ సుఖంగా సరిపోతుంది. డేటా చూస్తే, హెచ్‌డీ గంటకు దాదాపు 3 జీబీ. రోజుకు నాలుగు గంటలు చూస్తే నెలకు 360 జీబీ. 3,300 జీబీ దాటాలంటే ఇంటిల్లిపాదీ వేరే పని పెట్టుకోకూడదు. 300 ఎంబీపీఎస్ కొని గర్వపడేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది తీగలో కాదు, గోడలో ఉంది.

గోడ అన్నది ఊరికే అనలేదు. రౌటర్ రెండు రకాల వైఫై ఇస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదైనా గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ ఒక గోడ దాటేసరికి నీరసపడుతుంది. మన వైపు పాత ఇళ్లకు అడుగున్నర మందం రాతి గోడలు, మట్టి గోడలు ఉంటాయి. వెనక వంటగదికో పిల్లలు చదువుకునే గదికో రేకులు వేసి ఉంటాయి, ఇనుప రేకులైతే వైఫైకి తలుపు మూసినట్టే. తీగ వేసే అబ్బాయి తనకు సులువైన చోట, అంటే వీధి కిటికీ పక్కన రౌటర్ బిగించి వెళ్లిపోతాడు. అప్పుడు మీ వైఫైలో సగం వీధిలో కూర్చున్న కుర్రాళ్లకే ఉపయోగం. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో పెట్టించండి. ఇంకో పది మీటర్ల తీగకు డబ్బు అడిగితే ఇవ్వండి, పెద్ద ప్లాన్ కన్నా అది చవక. బీరువా పక్కన, ఫ్రిజ్ వెనక వద్దు. రెండంతస్తుల ఇల్లయితే స్లాబ్ గుండా ఒక మామూలు నెట్ వైరు పైకి లాగి రెండో రౌటర్ పెట్టడమే పద్ధతి. ప్లగ్గులో పెట్టే చిన్న ఎక్స్‌టెండర్లు నా మట్టుకు డబ్బు దండగ. నీరసపడిన సిగ్నల్‌నే పట్టుకుని మళ్లీ వదులుతాయి.

ఇక కరెంటు. పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు ఎక్స్ఛేంజీ నుంచే తీగలో కరెంటు వచ్చేది. గాజు పోగులో కరెంటు రాదు. మీ ఇంట్లో కరెంటు పోతే మోడెం ఆగుతుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు మోడెం ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో చూసుకోండి, చాలా కిరాయి ఇళ్లలో ఫ్యాన్లకూ లైట్లకూ మాత్రమే ఆ లైన్ ఉంటుంది. ఇన్వర్టర్ లేనివాళ్లకు రౌటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, కొన్ని గంటలు నడుపుతాయి. మోడెం మీద 12 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసి కొనండి.

టీవీ వేరే ప్రశ్న

నెట్ ఎంచుకునేటప్పుడు టీవీని దానికి తోకలా కట్టేయడం నేను చేసిన రెండో తప్పు. నెట్ పోతే టీవీ కూడా పోయింది. పిల్లలు ఫోన్‌లో ఏదో చూసుకున్నారు. ఆ పందొమ్మిది రోజులూ నిజంగా కష్టపడింది అమ్మే. ఇంట్లో పెద్దవాళ్లుంటే టీవీని విడిగా ఆలోచించండి.

కేబుల్‌తో మొదలుపెడదాం. దాని గురించి మాట్లాడేవాళ్లు తగ్గారు గానీ జిల్లా ఊళ్లలో ఇప్పటికీ దానికి ఒక బలం ఉంది. చెరువుగట్టు జాతరో, కురుమూర్తి జాతరో, గణేశ్ నిమజ్జనమో లోకల్ చానల్లో చూసే సుఖం ఇంకెక్కడా లేదు. చెడిపోతే సైకిల్ మీద వచ్చే మనిషి ఉంటాడు. చిక్కల్లా ఏమిటంటే కేబుల్ డబ్బా మీ వెంట రాదు. ఆ డబ్బా ఏ పెద్ద నెట్‌వర్క్ కింద నమోదయిందో దాని సిగ్నల్‌నే తెరుస్తుంది. పాలమూరు డబ్బా నల్లగొండలో వేరే నెట్‌వర్క్ తీగకు తగిలిస్తే నల్ల తెరే. గల్లీకి ఒక ఆపరేటర్ అన్నది రాతపూర్వక నియమం కాకపోయినా అలవాటులో అంతే, కాబట్టి ఎంపిక ఉండదు, విచారణ మాత్రమే ఉంటుంది.

బిల్లు ఎలా వస్తుందో చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ గందరగోళం. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్, అంటే టెలికాం, టీవీ సేవలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ, కొత్త పద్ధతి తెచ్చింది. బిల్లులో రెండు ముక్కలుంటాయి. మొదటిది తీగకో డిష్‌కో కట్టే నెట్‌వర్క్ రుసుము. రెండోది మీరు ఎంచుకున్న పే చానళ్ల ధర. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. మొదట్లో నెట్‌వర్క్ రుసుముకు 130 రూపాయల పరిమితి ఉండేది, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితిని తీసేసింది. అప్పుడే ఇంకో మార్పు కూడా చేసింది, అది ఇల్లు మారేవాళ్లకు నేరుగా తగిలేది. కొత్తగా బిగించడానికి, ఇంటికొచ్చి చూడటానికి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చడానికి ఎంత తీసుకోవాలన్నది ఇప్పుడు ఆపరేటర్ ఇష్టం. కాకపోతే ఆ రేట్లు ముందుగా అందరికీ తెలిసేలా ప్రకటించాలి. అందుకే "అన్నా, షిఫ్టింగ్‌కు ఎంత?" అని అడగడం కాదు, "మీ రేట్ల కాగితం చూపించన్నా" అనడం మంచిది.

పే చానళ్ల ముక్కలో డబ్బు మిగలాలంటే తీరిగ్గా కూర్చోవాలి. ఆపరేటర్ ఇచ్చే "తెలుగు ఫ్యామిలీ ప్యాక్"లో మీరు జన్మలో పెట్టని చానళ్లు ఉంటాయి. ఇంట్లో నిజంగా చూసేవి ఒక వారం రోజులు కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో అది తొమ్మిదికి మించలేదు. అయితే విడివిడిగా తీసుకుంటే కొన్నిసార్లు ఆ చానల్ కంపెనీ తన చానళ్లన్నీ కలిపి ఇచ్చే గుత్తి కన్నా ఎక్కువవుతుంది. రెండు లెక్కలూ వేసి చూడాల్సిందే, దగ్గర దారి లేదు.

డిష్ టీవీ, టాటా ప్లే, ఎయిర్‌టెల్, సన్ డైరెక్ట్ లాంటి డీటీహెచ్‌లకు ఉన్న పెద్ద లాభం అవి ఇల్లు మారేవాళ్ల కోసమే పుట్టినట్టు ఉండటం. అదే డబ్బా, అదే ఖాతా, దేశంలో ఎక్కడైనా. విప్పి తెచ్చుకుని మళ్లీ బిగించుకోవడమే. కానీ కిరాయి ఇంట్లో దీనికి ఒక అడ్డంకి వస్తుంది. దాని పేరు ఓనరు.

మా ఓనరు పెద్దాయన మర్యాదస్తుడే. డిష్ అనగానే, "ఆగ్నేయం మూలకు ఏం పెట్టొద్దు బాబూ" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను, ఎందుకంటే ఆయన తెలియకుండానే అసలు విషయం పట్టుకున్నారు. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీదుగా 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మనం దానికి ఉత్తరాన ఉన్నాం, పైగా మనకు పనికొచ్చే ఉపగ్రహాలు మన రేఖాంశానికి తూర్పు వైపు ఉన్నాయి. అందుకే నల్లగొండ, మహబూబ్‌నగర్ డాబాల మీది డిష్‌లన్నీ దక్షిణానికీ తూర్పుకూ మధ్య చూస్తుంటాయి. దూరదర్శన్ వాళ్ల ఉచిత సేవ ఫ్రీ డిష్‌దైతే దాదాపు సరిగ్గా ఆగ్నేయం. కాబట్టి డిష్ ఆగ్నేయం వైపు చూడాలి, ఆగ్నేయం మూలన ఉండక్కర్లేదు. వాయవ్యంలో పెట్టినా ఆ దిక్కు ఆకాశం తెరిచి ఉంటే చాలు. "వాయవ్యంలోనే పెడతాం సార్, అది ఆగ్నేయం వైపు చూస్తుంది అంతే" అంటే పెద్దాయన ఒప్పుకున్నారు.

ఆకాశం తెరిచి ఉండటం అంటే ఎంత? మాకు లతీఫ్ సాహెబ్ గుట్ట అడ్డం వస్తుందేమో అని ఒకాయన భయపెట్టాడు. రాదు. మన దగ్గర నుంచి ఈ ఉపగ్రహాలు చాలా ఎత్తులో ఉంటాయి. నేల నుంచి 50 డిగ్రీలకు తగ్గవు, కొన్నయితే 70 దాకా. గుట్టలు కాదు, అడ్డమొచ్చేవి పక్కింటి వేపచెట్టు, ఆనుకుని లేస్తున్న మూడో అంతస్తు, నల్లటి ప్లాస్టిక్ వాటర్ ట్యాంకు. వాన గట్టిగా పడ్డప్పుడు బొమ్మ ఆగుతుంది, ఆ తరంగాలను చినుకులు మింగేస్తాయి. "పడేదే రెండు వానలు, దానికే ఆగాల్నా" అని అమ్మ విసుక్కుంటుంది గానీ, ఏడాదిలో ఆ కాసేపు ఎవరైనా ఓర్చుకోవచ్చు.

దూరదర్శన్ ఫ్రీ డిష్ గురించి తక్కువమంది అడుగుతారు. డిష్, డబ్బా ఒకసారి కొంటే నెలనెలా కట్టేది లేదు. దూరదర్శన్ యాదగిరి, వార్తలు, క్రికెట్ కొంత వస్తాయి. పే చానళ్లు రావు కాబట్టి సీరియల్ చూసే ఇంటికి ఇదొక్కటే సరిపోదు. చదువుకునే పిల్లలు గది తీసుకుని ఉంటేనో, పొలం దగ్గరి ఇంటికో బాగుంటుంది.

నెట్ మీదే అంతా చూస్తాం, డబ్బాలు వద్దు అనేవాళ్లు ఉన్నారు. ఇద్దరే ఉండే కొత్త జంటకు అది బాగానే కుదురుతుంది. నెట్ ప్లాన్‌తో పాటు ఉచితంగా ఇచ్చామనే యాప్‌ల చిట్టాను మాత్రం జాగ్రత్తగా చదవండి. కొన్ని ఫోన్‌లో మాత్రమే తెరుచుకుంటాయి, కొన్ని ప్రకటనలతో వస్తాయి, కొన్ని మూడు నెలలకే ముగుస్తాయి. నేను లెక్కేసుకున్నప్పుడు పన్నెండు యాప్‌లలో మేం చూసేవి రెండు.

కట్టే ముందు, కట్టాక

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే, అడ్వాన్స్ ఇవ్వకముందే, తీగ సంగతి తేల్చుకోండి. బోరు నీళ్లు వస్తాయా అని అడిగినట్టే. ఎవరి నెట్ ఉందో పై వాటావాళ్లను అడగండి, వీలైతే వాళ్ల మోడెం ముందు నిలబడి మీ ఫోన్‌తో స్పీడ్ చూడండి. గోడకు రంధ్రం వేయడానికి, డాబా ఎక్కడానికి ఓనరు ఒప్పుకున్నారా అన్నది అప్పుడే మాట అనుకోవాలి. ముందు ఉన్న కిరాయిదారు తీగ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే అదృష్టం, అదే ఆపరేటర్ అయితే పని సగం అయినట్టే.

ఇల్లు మారే ఆలోచన ఉన్నప్పుడు ఆరు నెలలు, ఏడాది ప్లాన్లు కట్టొద్దు. "రౌటర్ ఫ్రీ, బిగింపు ఫ్రీ" అన్నవి తరచుగా అలాంటి ప్లాన్లకే ఇస్తారు. వాళ్ల లెక్క వాళ్లది. మొబైల్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి తీసుకెళ్లినట్టు ఇంటి నెట్‌ను తీసుకెళ్లడం కుదరదు. కొత్తింటికి వాళ్ల తీగ లేకపోతే మిగిలిన నెలల డబ్బు గురించి కాళ్లరిగేలా తిరగాలి. నేను ఇంకా తిరుగుతూనే ఉన్నాను. కొత్త ఊళ్లో మొదటి నెల ఒక్క నెలకే కట్టండి, చిన్న ప్లాన్‌తో. నడక చూశాక పెంచుకోవచ్చు.

పాత కనెక్షన్ మూయించేటప్పుడు మాట కాదు, నంబరు కావాలి. కాల్ సెంటర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకుని రాసిపెట్టుకోండి. పని కాకపోతే ప్రతి కంపెనీలోనూ పై అధికారికి అప్పీలు చేసే ఏర్పాటు ఉండాలి, దానికి ఆ నంబరే ఆధారం. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు నెట్ ఒక లోకల్ ఆపరేటర్‌ది, 50 ఎంబీపీఎస్. మీటరు మీద అంకె మైనస్ 21. టీవీకి మళ్లీ పాత డిష్ దించి వాయవ్యంలో నిలబెట్టాం. పోయిన కంపెనీ మోడెం, దాని అడాప్టర్, రిమోట్ అన్నీ ఒక సంచిలో అటక మీద ఉన్నాయి. మొన్న ఒక కుర్రాడు వచ్చి "ఇచ్చేయండి సార్, తీసుకుపోతా" అన్నాడు. రసీదు ఇవ్వమన్నాను. "రసీదు రేపు తెస్తా" అన్నాడు. డబ్బాలు కూడా రేపే తీసుకుపొమ్మన్నాను. డబ్బా వెనక ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసి పెట్టాను. ఆ రేపు ఇంకా రాలేదు.